చుక్క పక్కన నక్షత్రం

అలివేలు నోట రోజుకు పాతికసార్లయినా "ఛీ" అనే మాట రాకుండా ఉండదు. ఆమె తప్పేం లేదు, చేసే ఉద్యోగం అలాంటిది. మహదేవపురలో బ్యాంకుల సాఫ్ట్‌వేర్ చూసే ఒక కంపెనీలో పందొమ్మిదేళ్ళుగా ఆమె పని ఒకటే. ఎవరో రాసిపారేసి పోయిన కోడ్ చెడిపోతే, దాన్ని విప్పి ఎక్కడ కుళ్ళిందో చెప్పాలి. రాసిన మహానుభావుడు ఈపాటికి జీతం పెంచుకుని ఇంకో కంపెనీలో చేరి ఉంటాడు. వాడు వదిలేసిన కంపంతా ఈవిడ భరించాలి. ఫైలు తెరవగానే "ఛీ, ఎవడ్రా దీన్ని రాసింది" అనుకుంటే తప్ప ఆమెకు పని మొదలైనట్టు ఉండదు. పక్క సీటు ఫర్హానా అందుకే ఆమెకు ఛీ మేడం అని పేరు పెట్టింది. మేనేజరు కూడా వెనకాల అదే పేరుతో పిలుస్తాడని తెలిసినా అలివేలు పట్టించుకోదు.

పుట్టి పెరిగింది హిందూపురంలో. పెళ్ళయ్యాక, ఏడేళ్ళ కిందట, బెళ్ళందూరులో రెండువందల ఇరవై ఇళ్ళున్న అపార్ట్‌మెంట్లో ఇల్లు కొనుక్కున్నారు. భర్త మల్లికార్జున్‌దీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, బుధవారాలు ఇంటినుంచి పనిచేస్తాడు. కూతురు అక్షర నాలుగో తరగతి. గాలి చెరువు వైపు నుంచి తిరిగిన రోజున కిటికీలన్నీ బిగించుకుని, బిగించినా ఆగని ఆ వాసనకు మొహం చిట్లించుకుని, ఏం చూసి మోజుపడ్డామో ఈ ఇంటి మీద అని సణుక్కోవడం వాళ్ళింట్లో మామూలే. ఆ సణుగుడుకు కూడా అలవాటుపడిపోయారు.

ఆ బుధవారం వచ్చిన వాసన మాత్రం చెరువుది కాదు. సాయంత్రం ఏడింటికి అలివేలు ఆఫీసునుంచి వచ్చి వంటింటి కుళాయి తిప్పగానే ముక్కు బద్దలయింది. నీళ్ళు కొంచెం పసుపుగా ఉన్నాయి. ఆ రోజు స్కూలుకు సెలవు, అక్షర అప్పటికే ఆ నీళ్ళతో నోరు పుక్కిలించింది, మధ్యాహ్నం ద్రాక్షపళ్ళు కడుక్కుని తింది. గురువారం తెల్లవారేసరికి పిల్లకు వాంతులు, విరేచనాలు. ఆ ఒక్క ఇల్లేమిటి, ముప్పైనాలుగు ఇళ్ళలో ఇదే గోల. అర్చన అని పై అంతస్తు ఆవిడ కవల పిల్లలిద్దరికీ ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు.

సంగతేమిటంటే, ఆ అపార్ట్‌మెంట్లో రెండు రకాల నీళ్ళున్నాయి. ఒకటి ట్యాంకర్లతో, బోరుతో వచ్చే మంచి నీళ్ళు. రెండోది రెండువందల ఇరవై ఇళ్ళ స్నానాల గదులనుంచి, దొడ్లనుంచి పోయిన నీళ్ళనే కింద ప్లాంటులో శుద్ధిచేసి మళ్ళీ ఫ్లష్‌కీ, తోటకీ పంపేవి. మోటరు రూములో ఈ రెండు పైపుల మధ్య ఒక వాల్వు ఉంది. ఇల్లు కట్టేటప్పుడు పరీక్షకోసం పెట్టి, తీయకుండా వదిలేసిపోయారు. దాన్ని ఎప్పుడూ తిప్పకూడదు. ప్లాంటు మీటరు లెక్క చూస్తే, బుధవారం పన్నెండింటికీ రెండింటికీ మధ్య దాన్ని ఎవరో తిప్పారు. ఆ పుణ్యాత్ముడు ఎవరని నాలుగు రోజులుగా అపార్ట్‌మెంటంతా పళ్ళు నూరుతోంది. మోటరు రూము కెమెరా మూడు నెలలుగా పనిచేయడం లేదు. దాని సంగతి ఎవరినీ అడక్కూడదు, అడిగితే కోపాలొస్తాయి.

శుక్రవారం అసోసియేషన్ సెక్రటరీ అభిజిత్ గ్రూపులో ఒక రిపోర్టు పెట్టాడు. గేటు దగ్గర పనివాళ్ళు లోపలికి వచ్చేటప్పుడూ బయటికి పోయేటప్పుడూ సెక్యూరిటీ మనిషి ఫోనులోని యాప్‌లో వాళ్ళ బ్యాడ్జి నంబరు నొక్కుతాడు. ఆ చిట్టా దింపుకుని ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా లోపలున్నారో తేల్చే చిన్న ప్రోగ్రాం ఒకటి అభిజిత్ రెండేళ్ళ కిందట తయారుచేశాడు. మెయింటెనెన్స్ మనుషుల్లో బుధవారం పన్నెండునుంచి రెండుదాకా లోపల ఎవరున్నారని అడిగితే అది ఒకే ఒక పేరు చెప్పింది. సొన్నప్ప. లోపలికి ఏడూ రెండు, బయటికి సాయంత్రం ఐదూ ముప్పై ఎనిమిది.

సొన్నప్ప మోటర్లు చూసే మనిషి. యాభై ఐదేళ్ళుంటాయి. చెరువు వెనక పాత ఊళ్ళో వాళ్ళది తరాలనాటి తెలుగు ఇల్లు. చుట్టూ కన్నడం ఉన్నా ఇంట్లో తెలుగే. ఈ అపార్ట్‌మెంట్ లేచిన నేలలో ఒకప్పుడు వాళ్ళ నాన్న రాగులు, అక్కడివాళ్ళు అవరెకాయలనే అనపకాయలు పండించాడు. అలివేలు ఈ ఇంట్లో దిగిన కొత్తల్లో లిఫ్టు దగ్గర అతను ఎవరితోనో "నీళ్ళు ఉండాదప్పా, వస్తాది" అంటుంటే విని, వాళ్ళమ్మ వీధిలో నిలబడ్డట్టే అనిపించి ఆగిపోయింది. ఆ రోజునుంచి సొన్నప్పన్నా అని పిలుస్తుంది. బుధవారం నాలుగున్నరకు వాసన పసిగట్టి ఆ వాల్వు మూసింది అతనే (ట్యాంకుల్లోకి అప్పటికే ఎక్కిన నీళ్ళు మాత్రం రాత్రిదాకా వచ్చాయి), సూపర్‌వైజరుకు ఫోను చేసి చెప్పిందీ అతనే. ఇప్పుడు అదే అతని మెడకు చుట్టుకుంది. అంత చప్పున దొరకబుచ్చుకున్నాడంటే ముందే తెలిసుండాలి కదా అన్నారు గ్రూపులో.

రిపోర్టు కింద నూట పది బొటనవేళ్ళు పడ్డాయి. మల్లికార్జున్ ఒకటి పెట్టాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి, అలివేలు కూడా ఒకటి పెట్టింది. పందొమ్మిదేళ్ళుగా ఏ కోడునూ నమ్మని మనిషి, పిల్ల నీరసంగా పడుకుని ఉంటే ఆ మంటలో, సిస్టం చెప్పింది కదా అని వేలు నొక్కేసింది. ఆదివారం ఐదింటికి క్లబ్ హౌసులో మీటింగు. అక్కడ తీర్మానం అయితే గేటు యాప్‌లో సొన్నప్ప పేరు మీద ఎర్ర గుర్తు పడుతుంది. ఆ చుట్టుపక్కల ముప్పైకి పైగా అపార్ట్‌మెంట్లలో ఇదే యాప్. ఒకచోట ఎర్రబడితే అన్ని గేట్లలోనూ ఎర్రగానే కనిపిస్తుంది, ఏ సెక్యూరిటీ మనిషీ లోపలికి రానివ్వడు. పాత ఊరి చుట్టూ ఇప్పుడు గేట్లు తప్ప ఇంకేం లేవు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సొన్నప్ప వచ్చి అలివేలు వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మోటరు రూము వైపు పోవద్దన్నారట, అయినా ఊరికే వచ్చి ఇలా నిలబడి పోతున్నాడట. హాల్లో ఫోను చూసుకుంటున్న మల్లికార్జున్ అతన్ని చూసి, లేచి బాత్‌రూములోకి వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఆ పొద్దు నేను పదకొండుకే ఇంటికి పోతిని. మళ్ళ నాలుగింటికి వస్తిని. దినామూ అట్లే కదమ్మా, మా మామ పెద్దమునియప్ప మంచంలో ఉండాడు, ఆయప్పకు తినిపించల్ల. కంప్యూటర్లో నేను లోపలే ఉంటినని ఉండాదంట. అది ఎట్లమ్మా? నేను సుళ్ళూ అబద్ధమూ చెప్పేవాణ్ణి కాదు."

అతను తల వంచుకుని, తన చెప్పుల వైపు చూస్తూ ఇంకొక్క మాట అన్నాడు.

"పని పోతే పోనీమ్మా. జనానికి కక్కసు నీళ్ళు తాపించినోడని పేరు మాత్రం వద్దు. మా తాత ఈ చెరువు నీళ్ళే దోసిట్లో పట్టి తాగుతుండె."

అతను మెట్లు దిగిపోయాక అలివేలు అభిజిత్‌కు మెసేజ్ పెట్టింది, బుధవారంనాటి అసలు చిట్టా, ఆ ప్రోగ్రాం రెండూ పంపమని. అభిజిత్ ముందు నసిగాడు. రిపోర్టు ఉండగా ఆ చెత్తంతా ఎందుకండీ, చూడలేరు అన్నాడు. ఆమె వదల్లేదు. చివరికి రెండూ పంపి, రెండేళ్ళుగా నడుస్తోంది, ఒక్కసారి కూడా ఆగలేదు అని గొప్పగా ఒక వాక్యం తగిలించాడు. ప్రోగ్రాం తెరవగానే మొదటి వరసలోనే ఒక హెచ్చరిక రాసి ఉంది: దీన్ని ముట్టుకోవద్దు, పనిచేస్తోంది. ఆ మాట కనిపించిన ప్రతిచోటా కింద ఏదో ఒకటి చచ్చి పడి ఉంటుందని అలివేలుకు పందొమ్మిదేళ్ళ అనుభవం.

దాని కింద ఉంది అసలు సరుకు. రెండున్నర వరసల పొడవున బ్రాకెట్లు, చుక్కలు, నక్షత్రాలు, వెనక్కి వాలిన గీతలు, మధ్యమధ్యన అంకెలు. మనిషి రాసినట్టు లేదు, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుంది. దీన్నే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. పెద్ద రాతలోంచి మనకు కావాల్సిన ముక్క ఏ ఆకారంలో ఉంటుందో మెషీనుకు చెప్పే గుర్తులు అవి. ఆకారం చెబితే మెషీను ఆ రాతంతా గాలించి, సరిపోయిన ముక్కలు పట్టుకొస్తుంది. ఆకారం తప్పు చెబితే తప్పు ముక్కలే పట్టుకొస్తుంది, అంతే ధైర్యంగా.

ఇలాంటివాటిని అలివేలు స్క్రీను మీద చదవదు. పాత క్యాలెండరు కాగితం చింపి, వెనక తెల్లటి వైపు ఆ గుర్తులన్నీ పెన్సిలుతో ఎక్కిస్తుంది. ఒక్కో బ్రాకెట్టు ఎక్కడ తెరుచుకుని ఎక్కడ మూసుకుందో కింద గీత గీసి, ఆ గీత కింద దాని పని ఏమిటో మామూలు మాటల్లో రాస్తుంది. రాయలేకపోతే అర్థం కానట్టే లెక్క. ఆఫీసులో కుర్రవాళ్ళు ఇది చూసి నవ్వుకుంటారు. నవ్వుకున్నవాళ్ళే సాయంత్రానికి తలపట్టుకుని ఆమె సీటు దగ్గరికి వస్తారు.

డైనింగ్ టేబుల్ మీద కాగితం పరుచుకుని కూర్చుంది. మొదటి బ్రాకెట్టు తారీకు. రెండోది గేటు నంబరు, ఒకటా, రెండా, బేస్‌మెంటా అని. మూడోది లోపలికి అనే గుర్తు, పక్కన టైము. నాలుగోది బ్యాడ్జి నంబరు, ఒక్కో బ్యాడ్జికీ ప్రోగ్రాం దీన్నంతా విడివిడిగా నడుపుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఐదోది చూసి ఆమెకు ఒళ్ళు మండింది. ఫోను నంబరు పట్టుకోవడానికట, మూడంకెలు, అడ్డగీత, మళ్ళీ మూడంకెలు, అడ్డగీత, నాలుగంకెలు. మన దేశంలో ఎవడికుందమ్మా అలాంటి నంబరు? ఉంటే పట్టు, లేకపోతే వదిలెయ్యి అనే గుర్తు పక్కన ఉండబట్టి ఇన్నాళ్ళూ బండి నడిచింది. ఎక్కడో ఇంటర్నెట్లో ఎవరి పెరట్లోంచో పీక్కొచ్చి నాటాడు, వేర్లకున్న మట్టి కూడా దులపలేదు. దాని తర్వాత మూడు బ్రాకెట్లు ఏ పనీ చెయ్యవు, ఉత్తినే కూర్చున్నాయి. "ఛీ" అంది అలివేలు. సోఫాలో బొమ్మలు వేసుకుంటున్న అక్షర, "ఆఫీసు పనా అమ్మా?" అని అడిగింది.

పదకొండు దాటాక ఆమె పెన్సిలు ఒకచోట ఆగింది. అక్కడ ఉన్నది రెండే గుర్తులు. ఒక చుక్క, దాని పక్కన ఒక నక్షత్రం. ఆ తర్వాత బయటికి అనే గుర్తు, ముందు దొరికిన అదే బ్యాడ్జి నంబరు, టైము. చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. నక్షత్రం అంటే ఎన్నైనా సరే. రెండూ కలిస్తే, మధ్యలో ఏది ఉన్నా ఎంత ఉన్నా ఫరవాలేదు, మింగేసుకుంటూ పో అని మెషీనుకు చెప్పినట్టు. మెషీను తిండిపోతు. పొమ్మంటే ఎక్కడ ఆగాలో చూసుకోదు. బఫేలో మొదటి టేబుల్ దగ్గర ఆగకుండా చివరి ఐస్‌క్రీం దాకా దూసుకుపోయి, అక్కడినుంచి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ కావాల్సినది వెతుక్కునే మనిషిలాంటిది. అందుకే దానికి మొదట దొరికేది ఆ రోజు చిట్టాలో ఆ బ్యాడ్జిదే చిట్టచివరి బయటికి.

అలివేలు అసలు చిట్టా తెరిచింది. గేటు యాప్ ఒక రోజు రాకపోకలన్నిటినీ ఎక్కడా వరస తెంచకుండా ఒకే పొడుగాటి వరసగా ఇస్తుంది. అందులో సొన్నప్ప బ్యాడ్జి నంబరును స్క్రీను మీద వేలు పెట్టి వెతుక్కుంటూ పోయింది. లోపలికి ఏడూ రెండు. బయటికి పదకొండూ ఏడు. లోపలికి నాలుగూ మూడు. బయటికి ఐదూ ముప్పై ఎనిమిది. నాలుగూ ఉన్నాయి, గోడమీద రాసినంత స్పష్టంగా ఉన్నాయి. చుక్క, నక్షత్రం కలిసి మధ్యలో రెండింటినీ మింగేశాయి. మొదటి రాకనూ చివరి పోకనూ ముడిపెట్టి, పొద్దంతా లోపలే ఉన్నాడని తేల్చేశాయి.

రెండేళ్ళుగా ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, పనివాళ్ళలో ఎక్కువమంది రోజుకు ఒక్కసారే వచ్చి ఒక్కసారే పోతారు. వాళ్ళ విషయంలో మింగడానికి మధ్యలో ఏమీ ఉండదు, రిపోర్టు సరిగ్గానే వస్తుంది. మెయింటెనెన్స్‌లో పొద్దున ఒక వంతు, సాయంత్రం ఒక వంతు పనిచేసేది సొన్నప్ప ఒక్కడే. ఆ రిపోర్టు అతనికి ఎవరూ ఏనాడూ చూపించలేదు. పోయినేడు మీటింగులో, రోజుకు పదిన్నర గంటలు లోపలే ఉంటూ మోటరు రూము ఊడవడానికి తీరిక లేదా అని అతన్ని నిలబెట్టి అడిగారు. అతనికి ఆ పదిన్నర ఎక్కడిదో అర్థం కాక దిక్కులు చూస్తే, సమాధానం లేదన్నారు. ఆ రోజు అలివేలు కూడా కుర్చీలో కూర్చుని తల ఊపింది. అది ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

సరిచేయడానికి పట్టింది ఒక్క గుర్తు. నక్షత్రం పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే మెషీను తిండి తగ్గించుకుంటుంది. వీలైనంత తక్కువ మింగుతూ, అడుగడుగునా చూసుకుంటూ పోయి, మొదట కనబడిన బయటికి దగ్గరే ఆగుతుంది. అలివేలు ఆ గుర్తు పెట్టి మళ్ళీ నడిపింది. సొన్నప్పకు ఈసారి రెండు వరసలు వచ్చాయి. ఇంకో పది రోజుల చిట్టాలు కూడా నడిపి చూసింది, ప్రతిరోజూ రెండే వరసలు. మెయింటెనెన్స్ మనుషుల్లో పన్నెండుకూ రెండుకూ మధ్య ఎవరున్నారని అడిగితే ఖాళీ వచ్చింది. ఎలక్ట్రీషియన్ సెలవు, సూపర్‌వైజరు ఆ రోజు వచ్చిందే రెండున్నరకు. ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది. సొన్నప్పకు ఫోను చేద్దామని చెయ్యి చాచి, ఆగిపోయింది.

ఖాళీ అయితే మరి తిప్పింది ఎవరు? చిట్టాలో ఉండేది బ్యాడ్జి ఉన్నవాళ్ళే. ఇళ్ళవాళ్ళ కార్లకు స్టిక్కరు ఉంటుంది, గేటు దగ్గర అడ్డకర్ర దానంతటదే లేస్తుంది, పేరు అడిగే దిక్కుండదు. రెండువందల ఇరవై ఇళ్ళ మనుషులు ఆ పొడుగాటి వరసలో ఎక్కడా లేరు. అలివేలు వేలు ఆ వరస మీదే ఇంకా ముందుకు పాకి, ట్యాంకరు అనే మాట దగ్గర ఆగింది. బుధవారం నీళ్ళ ట్యాంకరు లోపలికి వచ్చింది మూడూ ఇరవైకి.

ఆమె ఫోను తీసి బుధవారం మెసేజ్‌లు పైకి జరిపింది. పన్నెండున్నరకు మల్లికార్జున్ రాశాడు, మన బ్లాకులో చుక్క నీళ్ళు లేవు అని. ఇంట్లో పిల్ల ఉంది, ఏదో ఒకటి చెయ్యండి అని మీటింగులోంచి ఆమే జవాబిచ్చింది. ఒంటిగంటా ఐదుకు అతను మళ్ళీ రాశాడు. నీళ్ళొచ్చేశాయి, నేనే చూసుకున్నా, టెన్షన్ పడకు. అప్పుడు ఆమె ఒక గుండె బొమ్మ కూడా పంపింది. ట్యాంకరు రావడానికి ఇంకా రెండుంబావు గంటలు ఉండగా ఎక్కడి నీళ్ళు వచ్చాయి? అలివేలు కుర్చీ వెనక్కి తోసి లేచింది.

మల్లికార్జున్ వంటింట్లో అక్షరకోసం సగ్గుబియ్యం జావ కాస్తున్నాడు. గురువారంనుంచి ఇంటికి రోజుకు ఆరు కొబ్బరిబోండాలు తెచ్చేవాడు, పిల్ల మంచం దగ్గరే కూర్చునేవాడు, నాన్నంటే ఇలా ఉండాలని ఆమె మురిసిపోయింది కూడా. ఆమె ఫోను అతని ముందు పెట్టింది. మెల్లగా అంతా బయటికి వచ్చింది. సూపర్‌వైజరు లేడట. తాళంచెవి మేకుకే వేలాడుతోందట. లోపల ఒక వాల్వు చక్రం బిగుసుకుపోయి ఉంటే ఇనపకడ్డీ పెట్టి తిప్పాడట, నీళ్ళు పారిన చప్పుడు వచ్చిందట, తను బాగుచేశానని సంబరపడ్డాడట. సాయంత్రం వాసన వచ్చాక గానీ తెలియలేదట. ఎలాగూ సొన్నప్ప మూసేశాడు కదా అని ఊరుకున్నాడట. ఆ తర్వాత రిపోర్టు వచ్చిందట.

"సిస్టమే అతని పేరు చెప్పింది కదా అలివేలూ. నేను తిప్పింది వేరే ఏదో అయ్యుంటుంది, నిజంగా అతనే ఏదో చేసుంటాడని నాకే అనిపించింది," అన్నాడు.

జావ గిన్నెలో గరిటె తిప్పుతూనే అన్నాడు. నాలుగు రోజులు ఈ మనిషి అదే బల్ల దగ్గర తనతో అన్నం తిన్నాడు. తన చేతుల్తో తిప్పిన చక్రాన్ని, తన పిల్ల మంచం పట్టడాన్ని, గుమ్మం ముందు తలవంచుకు నిలబడ్డ మనిషిని, అన్నిటినీ ఒక తప్పుడు రిపోర్టు చాటున పెట్టి హాయిగా నమ్మేశాడు. ఆమెకు అతని చేతిలో గరిటె వైపు చూడాలన్నా అసహ్యం వేసింది. మల్లికార్జున్ బతిమాలుకున్నాడు. రిపోర్టు తప్పని చూపించు చాలు, అతను బయటపడతాడు, ఇంకెవరని ఎవరూ అడగరు, మనం ఇక్కడే బతకాలి, పిల్ల ఇక్కడే ఆడుకోవాలి అన్నాడు. అలివేలు గిన్నె కింద స్టవ్ ఆపింది.

"ఐదింటిదాకా టైముంది. మీరు చెప్తారో, నన్ను చెప్పమంటారో ఆలోచించుకోండి," అంది.

క్లబ్ హౌసులో అరవైమంది దాకా వచ్చారు. సొన్నప్ప తలుపు దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డాడు, అక్కడ కుర్చీలు వెయ్యలేదు. అలివేలు క్యాలెండరు కాగితం ఫోటో గోడమీద వేసి, చుక్క ఏం చేస్తుందో, నక్షత్రం ఏం చేస్తుందో, పదకొండూ ఏడుకు బయటికి పోయిన మనిషిని మెషీను ఎలా మింగేసిందో చెప్పింది. సగంమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే, ఇట్టే అర్థమైంది. అభిజిత్ మొహం పాలిపోయింది. లేచి, అవునండీ, తప్పు నాదే, ఎక్కడినుంచో తెచ్చిపెట్టుకున్నా, ఎప్పుడూ విప్పి చూడలేదు అన్నాడు. అంతవరకూ మర్యాదగానే ఉంది.

అప్పుడు వెనకనుంచి ఎవరో, వెనక గోడ దూకి రాకూడదా అన్నారు. ఇంకొకాయన, లిస్టులో వేరే పేరేదీ లేదు కదా, అంటే అనుమానం ఇతని మీదే మిగిలినట్టు అన్నాడు. విచారణ అయ్యేదాకా ఎర్ర గుర్తు పెడదాం, తర్వాత తీసేద్దాం అని మూడో ఆయన ఉపాయం చెప్పాడు. తలలు ఊగాయి. ఆధారం పోయినా అనుమానం పోలేదు, అది ఉంటేనే అందరికీ సుఖంగా ఉంది. అర్చన కళ్ళు తుడుచుకుంటూ, ఎవరో ఒకరు చేసే ఉంటారు కదా, నా పిల్లలు ఊరికే పడలేదు కదా అంది. ఆవిడ మాటకు మాత్రం అలివేలుకు కోపం రాలేదు.

అలివేలు మూడో వరస వైపు చూసింది. మల్లికార్జున్ తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆమె ఒక నిమిషం పూర్తిగా ఆగింది, అతను తల ఎత్తుతాడేమోనని. ఫోను మీద అతని బొటనవేలు పైకీ కిందికీ కదులుతూనే ఉంది.

"ఆ లిస్టులో ఉండేది గేటు దగ్గర ఆపి పేరు రాసుకునేవాళ్ళే. ఇక్కడ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ పేరు ఒక్కటీ అందులో ఉండదు. అందుకని నేనే నోటితో చెప్తున్నా. బుధవారం ఒంటిగంటకు ఆ వాల్వు తిప్పింది మా ఆయన," అంది.

అరవైమందీ ఒకేసారి మూడో వరసకు తిరిగారు. మల్లికార్జున్ లేచి, తెలియక చేశానండీ అని గొణిగాడు. దానికి ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. పాపం తెలియక జరిగింది, ఎవరికైనా జరగొచ్చు అని ఇందాక గోడ దూకుడు గురించి అడిగిన గొంతే అంది. అర్చన ఒక్కతే లేచి బయటికి వెళ్ళిపోయింది. మరి ఎర్ర గుర్తు సంగతేమిటని అలివేలు అభిజిత్‌ను అడిగింది. అతను ఇబ్బందిగా ల్యాప్‌టాప్ మూసేస్తూ, ఇళ్ళవాళ్ళకు యాప్‌లో ఆ ఆప్షన్ లేదండీ అన్నాడు.

"ఛీ" అంది అలివేలు, అందరికీ వినబడేలా.

సొన్నప్ప చెప్పులు వేసుకుంటూ ఆమె వైపు చూసి, "మోటరు వేసే టైమాయెనమ్మా, నేను పోతాను," అన్నాడు. అతనికి క్షమాపణ చెప్పాలని ఎవరికీ తోచలేదు, అతనూ దానికోసం ఆగలేదు.

సోమవారం పొద్దున అలివేలు అక్షరను స్కూలు బస్సు ఎక్కించడానికి గేటు దగ్గరికి వచ్చింది. మల్లికార్జున్‌తో రాత్రినుంచి మాటల్లేవు. సొన్నప్ప గేటు ముందు వరసలో, ఇద్దరు పనిమనుషుల వెనక నిలబడి ఉన్నాడు. సెక్యూరిటీ మనిషి అతని బ్యాడ్జి అడిగి, నంబరు చూసి, ఫోనులో నొక్కి, మొహం ఒకసారి పోల్చుకుని లోపలికి వదిలాడు. టైము ఏడూ రెండు. వెనకే మల్లికార్జున్ కారు బయటికి వచ్చింది. అడ్డకర్ర దానంతటదే లేచింది.